చాదరు మడత

మొన్న సంక్రాంతి వెళ్లిన వారానికి మా గల్లీ పిల్లవాడొకడు చుట్టిన కాగితం చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. వాళ్ల తాతా నేనూ ఒకే బడిలో చదువుకున్నాం. పిల్లవాడు హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు, రెండేళ్లు ఒక పెద్ద హోటల్లో పనిచేసి వచ్చాడు. "తాతా, హైవే పక్కన మా నాలుగెకరాలల్ల కారవాన్ పార్కు పెడుతున్న. నువ్వొకసారి నక్ష చూసి చెప్పాలె" అన్నాడు.

కారవాన్ అంటే ఇల్లంతా ఇమిడిన బండి. మంచం, పొయ్యి, పాయఖానా అన్నీ అందులోనే ఉంటాయి. ఆ బండిని రాత్రికి నిలపడానికి చోటు కావాలి. కరెంటు ఇవ్వాలి, మంచినీళ్లు ఇవ్వాలి, బండిలోని మురికినీళ్లు దించుకోవాలి. అదే కారవాన్ పార్కు. నక్షలో పది బండ్లకు జాగా గీశాడు. ఈత కొలను, చలిమంట గుండం, పిల్లల ఊయలలు, ఫొటోలు దిగే అరుగు, చాయ్ దుకాణం, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను.

"పనిచేసేటోళ్లు ఏడ పండుకుంటరు బిడ్డా?" అన్నాను.

"అది ఏజెన్సీ వాళ్లు చూసుకుంటరు తాతా. పదకొండు నెలల కాంట్రాక్టు. మనకు మనుషుల లొల్లే ఉండదు."

ఆ మాట నాకు ఆ రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. నలభై ఏళ్లు అతిథులకు పక్కలు పరిచి బతికినవాణ్ని. 'మనుషుల లొల్లి' లేకుండా ఈ పని ఎట్లా నడుస్తుందో నాకు తెలియదు. తెలియదనే ఇది రాస్తున్నాను.

నేను పనిలో చేరింది 1972లో. ఆ ఏడు దక్కను పొడుగునా కరువు. మా ఎర్రనేలల్లో జొన్న మోకాలెత్తుకు కూడా రాలేదు. నాకు పద్దెనిమిదేళ్లు. మా నాయన నన్ను వెంటబెట్టుకుని పోయి సడకు పక్కన ఉన్న గెస్ట్‌హౌస్‌లో పడేశాడు. అప్పుడు ఆ సడకు 9వ నంబరు జాతీయ రహదారి. మచిలీపట్నం నుంచి పుణె దాకా పోయేది, ఇప్పుడు దాన్ని 65 అంటున్నారు. హైదరాబాద్ నుంచి బయల్దేరిన అంబాసిడర్ కారు వంద కిలోమీటర్లు వచ్చి జహీరాబాద్‌లో ఆగేది. ఇంజన్ చల్లారేదాకా సాబులు వరండాలో కూర్చునేవాళ్లు. కొందరు బీదర్ పోయేవాళ్లు, కొందరు హుమ్నాబాద్ మీదుగా షోలాపూర్. సర్వే వాళ్లు, ఇంజినీర్లు, పెళ్లి బృందాలు, కేతకీ సంగమేశ్వరుడి దర్శనానికి ఝరాసంగం పోయే మరాఠీ కుటుంబాలు, ఇట్లా రోజూ ఎవరో ఒకరు దిగేవాళ్లు.

మొదటి ఆరు నెలలు నా పని నీళ్లే. పొద్దున నాలుగు గంటలకు బావి దగ్గర మొదలుపెడితే గదికి రెండు కూజాలు, స్నానాల గదికి నాలుగు బకెట్లు, వంటింటి గాబు, తోటకు కొంత. బేరరు పని నేర్చుకుందామని నాకు ఆత్రం. మా వంటపెద్ద ఖాన్సామా సాబు ఒప్పుకోలేదు. "ముందుగాల నీళ్లు మోయి బేటా. ఎవరు ఎన్ని నీళ్లు వాడుతరో తెలిస్తే వాళ్లకు ఏం కావాల్నో తెలుస్తది" అనేవాడు. అప్పుడు కోపమొచ్చేది. తర్వాత తెలిసింది, ఆయన మాట అక్షరాలా నిజం. కూజా సగం తాగి వదిలేసినవాడికి ఒంట్లో బాగాలేదు. రెండు కూజాలు ఖాళీ చేసినవాడు ఎండలో చాలా దూరం వచ్చాడు, వాడికి మజ్జిగ కావాలి. బకెట్లు ముట్టనివాడు రాత్రికి రాత్రే పోయేవాడు, వాడి బిల్లు ముందే సిద్ధం చేసి పెట్టాలి.

ఆ తర్వాత గదులు. పక్క వేయడం నేర్చుకోవడానికే నాకు నెల పట్టింది. చాదరు ధోబీ దగ్గర నుంచి నీలిమందు వేసి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి నాలుగు మడతలతో వచ్చేది. మంచం మీద విప్పినప్పుడు నడిమి మడత సరిగ్గా మంచం నడుమ నిలవాలి. అట్లా నిలిస్తే రెండు వైపులా వేలాడే అంచులు సమానంగా వస్తాయి. దిండు గలీబు నోరు తలుపు వైపు ఉండకూడదు. లోపలికొచ్చే మనిషికి దిండు నిండుగా కనబడాలి, కుట్టు విప్పిన సంచిలా కనబడకూడదు. కాళ్ల వైపు చాదరు చివర పరుపు కింద మలిచి బిగించాలి. ఖాన్సామా సాబు వచ్చి అరచేత్తో ఒక్కసారి రాసేవాడు. ముడత చేతికి తగిలితే చాదరు మొత్తం లాగేసేవాడు, మళ్లీ మొదటినుంచి వేయాలి. ఆ మొదటి నెలలో ఒక్కో మంచం మీద ఐదేసి సార్లు వేశాను. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏ గదిలోకి పోయినా ముందు నా చూపు మంచం మీదికే పోతుంది.

రాత్రిపూట వచ్చేవాళ్ల దగ్గరే అసలు పరీక్ష. ఒకసారి చలికాలంలో, పదకొండు దాటాక, చంటిపిల్లతో ఒక జంట దిగింది. మాది ఎత్తయిన ప్రాంతం. పక్కనున్న కోహీరులో చలి ఇప్పటికీ పది డిగ్రీలకు లోపల పడిపోతుంది, తెలంగాణలో అన్నింటికన్నా తక్కువ నమోదైందని పేపర్లో వచ్చే ఊళ్లలో అదొకటి. నేను రిజిస్టరు, కలం పట్టుకుని ఎదురుపోయాను. ఖాన్సామా సాబు నా చేతిలోంచి రిజిస్టరు లాక్కున్నాడు. ముందు పొయ్యి మీద నీళ్లు పెట్టించాడు. పిల్లకు పాలు కాచాడు. ఆ తల్లిని కుంపటి దగ్గర కూర్చోబెట్టాడు. పాలు తాగి పిల్ల నిద్రపోయాక రిజిస్టరు ఆ తండ్రి ముందు పెట్టి, "ఇప్పుడు రాయండి సాబ్" అన్నాడు. ఆయన ఆ రాత్రే రిమార్కుల పుస్తకంలో సగం పేజీ రాశాడు. అందులో నా పేరు కూడా ఉంది. అది గెస్ట్‌హౌస్ పేరు మీద మాత్రమే పోయే పొగడ్త కాదు. నీళ్లు కాచిన నా పేరు, పాలు కాచిన ఖాన్సామా సాబు పేరు, రెండూ సిరాతో రాసి ఉన్నాయి. తర్వాత నన్ను గదుల పని నుంచి టేబుల్ మీదికి మార్చినప్పుడు పైఅధికారి తెరిచి చూసింది ఆ పేజీనే.

ఇవాళ పొద్దు మునిగాక ఏ రిసార్టు గేటుకో పోయి చూడండి. ముందు ఆధారు, తర్వాత ఫోన్ నంబరు, తర్వాత ఓటీపీ, ఆ తర్వాత ముందుగా డబ్బు. పత్రాలు చూడాల్సిందే, కాదనను, పోలీసులు అడుగుతారు, చట్టం ఉంది. కానీ గుక్కెడు నీళ్లిచ్చి ఆధారు అడిగితే ఏ చట్టమూ అడ్డురాదు. అడ్డొచ్చేది, ఆ గేటు దగ్గర నిలబడ్డ పిల్లవాడికి ఎవరూ నేర్పకపోవడం. వాణ్ని పెట్టి పదిహేను రోజులైంది, ఇంకో నెలకు వాడు ఉండడు. వాడికి నేర్పేవాడూ ఉండడు.

నేను 1973లో గదులకు, 1978లో టేబుల్‌కు, 1983లో స్టోరుకు మారాను. స్టోరులో మరో చదువు. పదిమందికి ఎంత పప్పు, ఎంత చాయ్‌పత్తా, సబ్బు ఒకటి ఎన్నాళ్లు రావాలి, చాదరు ఎన్ని ఉతుకులకు పలచబడుతుంది, చిరిగినదాన్ని దిండు గలీబుగా, అదీ పోతే తుడిచే గుడ్డగా ఎట్లా మార్చాలి, ఇవన్నీ రాసి లెక్క చెప్పాలి. ఇంగ్లీషు నాకు బడిలో రాలేదు, స్టాక్ రిజిస్టర్లో వచ్చింది. 1991లో కేర్‌టేకర్‌నయ్యాను. తర్వాత ఒక జలాశయం ఒడ్డున కట్టిన కాటేజీలకు పంపారు. అక్కడే మేనేజరుగా 2012లో రిటైరయ్యాను. నీళ్లు మోసిన పిల్లగాడు నలభై ఏళ్లకు ఇరవై నాలుగు గదుల తాళాలు చేతిలో పెట్టుకున్నాడు. నేనేదో గొప్పవాణ్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నాతోపాటు చేరిన నలుగురిలో ముగ్గురు ఇట్లాగే ఎదిగారు. అప్పట్లో మెట్లు ఉన్నాయి, ఎక్కినవాళ్లం ఎక్కాం.

అప్పుడంతా బాగుందని చెబితే అబద్ధమాడినట్టే. ఆ సడకు పక్క చాయ్ హోటళ్లలో కొందరికి గ్లాసులు వేరుగా ఉండేవి, గోడ బయట మేకుకు వేలాడేవి. మా గెస్ట్‌హౌస్‌లో ఊడ్చే పెద్దమనిషి నా కన్నా పదేళ్లు ముందు చేరాడు. చేతి పనిలో నా కన్నా నేర్పరి. ఆయన్ను వంటింటి గడప దాటనివ్వలేదు. నేను ఎక్కిన మెట్లు ఆయనకు లేవు. ఊడ్చే చీపురుతోనే రిటైరయ్యాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది, ఎందుకంటే అప్పుడు నేను నోరు తెరవలేదు. ఆడవాళ్లకు అసలు పనే లేదు. మేం వరండాలో చాప మీద పడుకునేవాళ్లం. పని గంటలకు లెక్క లేదు.

ఇవాళ ఆ గ్లాసులు లేవు. తాండా ఆడపిల్ల గదులు చూస్తోంది, దళితుల కుర్రవాడు వంటవాడవుతున్నాడు. అందుకు నాకు సంతోషం. కానీ గడప తెరుచుకున్న రోజుల్లోనే లోపలున్న మెట్లు తీసేశారు. నన్ను కాలుస్తున్నది అదే. మా పెద్దమనిషికి అందని మెట్లు ఇప్పుడు ఆయన మనవలకు అందాలి కదా. వాళ్లు వచ్చేసరికి ఏజెన్సీ వచ్చింది.

మా ఇంటికి కూరగాయలు తెచ్చే తాండా ఆమె కూతురు రోడ్డు పక్క ఒక రిసార్టులో మూడేళ్లుగా పనిచేస్తోంది. పదో తరగతి పాసైంది. ఒకరోజు మా ఇంట్లో పరుపు మీద దుప్పటి పరిచింది, నేను చూస్తూనే ఉన్నాను. నడిమి మడత నడుమనే నిలిచింది. ఎవరు నేర్పారమ్మా అంటే, "ఎవ్వరు నేర్పలే తాతా, చేస్తా చేస్తా నేర్చుకున్న" అంది. ఈ మూడేళ్లలో ఏజెన్సీ రెండుసార్లు మారింది. మారిన ప్రతిసారీ కొత్త కాగితం, కొత్త పీఎఫ్ నంబరు, కొత్తగా చేరినట్టే లెక్క. మూడేళ్ల పని ఎక్కడా రాసి లేదు. ఇంకో చోటికి పోయి 'నాకు ఇంత పని వచ్చు' అని చూపించుకోవడానికి ఆమె చేతిలో ఒక్క చీటీ లేదు. గదికి వచ్చినవాళ్లు ఫోన్‌లో ఐదు చుక్కలు పెట్టిపోతారు. ఆ చుక్కలు రిసార్టుకు పోతాయి, యజమాని ఫోన్‌లో మెరుస్తాయి. ఆమె పేరు వాళ్లెవరికీ తెలియదు, 'దీదీ' అని పిలిచి వెళ్లిపోతారు.

సెలవెప్పుడమ్మా అని అడిగాను. శని, ఆదివారాలు జనం ఎక్కువ కాబట్టి ఇవ్వరు. సోమవారం గదులు కడగాలి కాబట్టి ఇవ్వరు. పండుగ వస్తే అసలే ఇవ్వరు. దుకాణాలు, సంస్థలకు 1988లోనే చట్టం వచ్చింది, వారానికి ఒకరోజు సెలవు దాని ప్రకారం హక్కు. మేం కూడా దసరాకూ బతుకమ్మకూ పనిచేశాం. కానీ ఆ రోజు మస్టర్లో ఎర్రసిరాతో రాసేవాళ్లు. బదులు సెలవు తర్వాత తీసుకునేవాళ్లం. మా అమ్మ చనిపోయినప్పుడు నాకు అట్లా కూడిన పదకొండు రోజులు అక్కరకొచ్చాయి.

వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలున్నారు, ఒడిశా వాళ్లు, బెంగాల్ వాళ్లు, అస్సాం వాళ్లు. మనవాళ్ల పని వాళ్లు లాక్కుంటున్నారని మా ఊళ్లో కొందరంటారు. నేనట్లా అనలేను. ఒకరోజు వాళ్ల షెడ్డు చూశాను. ఎనిమిదిమందికి రెండు ఫ్యాన్లు, ఒక నల్లా. వాళ్లు మన పని లాక్కోలేదు. మన పిల్లలు చేయం అన్న జీతానికి, చేయలేని గంటలకు వాళ్లను తెచ్చిపెట్టారు. నిలకడ వాళ్లకూ లేదు, మనకూ లేదు.

ఇంత రాశాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. బండ్లతో తిరగడం, బండ్లు నిలిపే చోటు చూపడం మనకు కొత్త కాదు. మా చుట్టూ ఎన్ని తాండాలున్నాయి! అసలు తాండా అంటేనే బిడారు, ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కను అంతా తిరిగిన లంబాడీల బిడారు. రైలూ లారీలూ వచ్చాక ఆ ఎడ్లు ఆగిపోయాయి, ఆగినచోట ఊళ్లయ్యాయి, పేరు మాత్రం తాండాగానే మిగిలింది. హైదరాబాద్‌లో కార్వాన్ పేటకు ఆ పేరెట్లా వచ్చిందో ఆ పేటే చెబుతుంది. గోల్కొండకు వచ్చే వర్తకుల బిడార్లు దిగిన చోటది. బీదర్‌లో గురునానక్ ఝీరా గురుద్వారాకు ఇప్పుడు పోయినా లంగరులో కూర్చోబెట్టి రొట్టె, పప్పు పెడతారు. వడ్డించేవాడు ఎవరి ముఖంలోనూ ముందు జేబు వెతకడు. బాటసారికి చోటివ్వడం ఈ నేలకు వచ్చిన విద్య.

అన్నింటికన్నా దగ్గరిది, మా పస్తాపూర్ వాళ్ల పాత పంటల జాతర. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు 1983లో ఇక్కడ పని మొదలుపెట్టారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్లను పూలతో, జొన్నకంకులతో, రంగు కాగితాలతో సింగారించి, కుండల్లో బుట్టల్లో పాత విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. సుమారు నెలరోజులు. ఒక్కో ఊరు ఒక్కో రోజు. ఊరి పొలిమేరలో డప్పుతో ఎదురొచ్చి బండ్లను తోలుకుపోతారు. ఎడ్లకు నీళ్లు, చొప్ప, మనుషులకు జొన్నరొట్టె, పప్పు, పుంటికూర. నా దృష్టిలో జహీరాబాద్‌కు అసలు కారవాన్ అది. నలభై ఏళ్లు ఆతిథ్యంలో బతికిన నేను, ఒక ఊరు మొత్తం అతిథిని ఇట్లా ఎదుర్కోవడం ఇంకెక్కడా చూడలేదు.

ఆ జాతర వెనక ఉన్న ఆడవాళ్ల సంగతి ఇంకా పెద్దది. చాలామంది అక్షరం రాని కూలీలుగా మొదలైనవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలు. వాళ్లు విత్తనాల బ్యాంకులు నడిపారు. కెమెరాలు పట్టి సినిమాలు తీశారు. 2008 అక్టోబరులో మాచునూరులో సంగం రేడియో పెట్టి, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందు కూర్చున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ మహిళా సంఘాలకు వచ్చింది. వాళ్లతో మొదటినుంచీ ఉన్న పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు. అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం, వేటికోసమైతే ఆయన జీవితమంతా పెట్టారో ఆ పంటల సంవత్సరం. అదే సంస్థ జహీరాబాద్‌లో కఫే ఎథ్నిక్ అని భోజనశాల పెట్టి కొర్రలు, సామలు, జొన్నలతో పట్నం నుంచి వచ్చేవాళ్లకు అన్నం పెట్టింది. కూలి నుంచి మైకు దాకా, పొలం నుంచి కెమెరా దాకా, ఒక్కొక్కరికి ఎన్ని మెట్లు! ఎవరూ పదకొండు నెలలకు ఒకసారి వాళ్లను మార్చేయలేదు. అందుకే వచ్చాయి ఆ మెట్లు. ఇది మా జహీరాబాద్ మండలాల్లోనే జరిగింది, ఇక్కడ కుదరదని ఎవరన్నా అంటే నేను నమ్మను.

పిల్లవాడు మర్నాడు మళ్లీ వచ్చాడు. ఫోన్‌లో కేరళ సంగతి చూపించాడు. అక్కడి ప్రభుత్వం 2021లో కారవాన్ల కోసం ప్రత్యేకంగా విధానం తెచ్చింది. పార్కుకు కనీసం యాభై సెంట్ల నేల, ఐదు బండ్లకు జాగా ఉండాలంది. మరుసటి ఏడే వాగమన్ కొండల్లో మొదటి పార్కు తెరిచారు. కర్ణాటక, మహారాష్ట్ర కూడా అదే దారిలో ఉన్నాయి. మనది ఆ రెండు రాష్ట్రాలకూ మొగసాల, వ్యాపారం బాగుంటుందని వాడి లెక్క. లెక్క తప్పు కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ చలికి, ఈ ఎర్రమట్టికి, ఈ నిశ్శబ్దానికి పట్నం వాళ్లు వస్తారు.

"ఇంగ్లండ్ల ఎప్పట్నుంచో ఉన్నయి తాతా గివి" అన్నాడు. నాకూ కొంత తెలుసు. కాటేజీల దగ్గర పనిచేసినప్పుడు ఒక ముసలి ఇంగ్లీషు దంపతులు పదిరోజులు ఉండి, సాయంత్రాలు చాయ్ తాగుతూ వాళ్ల చిన్ననాటి సెలవుల ముచ్చట్లు చెప్పేవాళ్లు. బిల్లీ బట్లిన్ అనే ఆయన 1936లో స్కెగ్నెస్ సముద్రపు ఒడ్డున సెలవుల శిబిరం తెరిచాడు. రెండేళ్లకు, 1938లో, జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ కూలీకి జీతం కోయకుండా వారం సెలవు దొరికే దారి పడ్డాకనే యుద్ధం తర్వాత ఆ శిబిరాలు నిండాయి. ముందు పనివాడికి సెలవు, ఆ తర్వాత సెలవుల ఊరు. మనం రెండోది తెచ్చుకుంటున్నాం, మొదటిదాన్ని వదిలేసి.

ఆస్ట్రేలియాలో మా దగ్గరి బంధువుల పిల్ల ఉంది. వాళ్లు సెలవుల్లో అట్లాంటి పార్కులో దిగారట. అక్కడ చాలా పార్కులను భార్యాభర్తలిద్దరు జంటగా నడుపుతారు. ఆవరణలోనే ఇల్లు. ఆమె ఆఫీసు, లెక్కలు చూస్తుంది, ఆయన కరెంటు, నల్లాలు, గడ్డి. పార్కులో చిన్నపనులతో మొదలుపెట్టి, కొన్నేళ్లకు జంటగా ఒక పార్కు బాధ్యత తీసుకుంటారు. అది వాళ్లకు పేరున్న ఉద్యోగం. ఆ పిల్ల ఫోన్‌లో చెబుతుంటే నాకు మా తాండా అమ్మాయి గుర్తొచ్చింది. వచ్చే ఏడు పెళ్లి. అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేసి బయటికొచ్చాడు. ఇంతకన్నా తగిన జంట ఎక్కడ దొరుకుతుంది?

మూడోరోజు తెల్లవారకముందే పిల్లవాణ్ని లేపి పొలం దగ్గరికి తోలుకుపోయాను. మంచు ఇంకా తేలలేదు. కంది చేను కోసి ఉంది, మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటున్నాయి. నడుస్తూ చెప్పాను. బండి వచ్చి నిలిచాక మొదటి పని అది సమంగా నిలిచిందో లేదో చూడటం. ఒకవైపు ఒరిగితే లోపల పడుకున్నవాడికి రాత్రంతా తల బరువు. చక్రాల కింద దిమ్మెలు పెట్టి సరిచేయాలి. తర్వాత కరెంటు. తీగ బిగించే ముందు చేయి తడిగా ఉందా అని చూసుకునే మనిషి కావాలి, షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్ ప్రతి కంబానికీ ఉండాలి. ఎర్రమట్టి వానకు బురద, ఎండకు రాయి. ఎర్తు సరిగా పడాలంటే ఏటా పరీక్షించాలి. గ్యాసు వాసన పసిగట్టే ముక్కు కావాలి. ఒక బండికి నిప్పంటుకుంటే పక్క బండికి పాకనంత దూరం ఉండాలి. నువ్వు గీసిన పది జాగాలు ఎనిమిది కావాలి బిడ్డా.

పాయఖానా నీళ్లు దించుకునే గుంత గురించి కూడా చెప్పాను. ఆ పని ఎవరు చేస్తారని అడిగాను. "దానికి వేరే మనిషిని పిలుస్తం" అన్నాడు. అక్కడే నాకు మా పెద్దమనిషి కళ్లముందు నిలబడ్డాడు. "వేరే మనిషి ఉండడు. పైపు బిగించి, మిషనుతో, గ్లౌజులు తొడుక్కొని, నువ్వు కూడా చేసేటట్టుండాలె. మొదటి నెల నువ్వే చెయ్యి" అన్నాను. వాడు నావైపు చూసి, మాట్లాడకుండా తలూపాడు. చదువుకున్న పిల్లవాడు, మాట మింగేసే రకం కాదు. ఇంకేమీ అనలేదంటే ఎక్కిందని నాకర్థమైంది.

పాములు, తేళ్ల సంగతి చెప్పాను. రాత్రి లైట్లు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో చెప్పాను. చీకటి చూడటానికి వచ్చేవాళ్ల ముఖాన ఫ్లడ్‌లైట్లు కొట్టకూడదు. పొద్దున్నే బండి తలుపు తెరిచే వేళకు జొన్నరొట్టె కాల్చే చప్పుడు వినబడాలని చెప్పాను. ఎవరు కాలుస్తారో, వాళ్ల పేరు పలక మీద రాసి పెట్టాలని కూడా చెప్పాను.

ఎండ పడేసరికి బావి గట్టు మీద కూర్చున్నాం. వాడు నక్ష విప్పి మోకాళ్ల మీద పరిచాడు. నేను సంచిలోంచి నా పాత పుస్తకం తీశాను. రిటైరయ్యే రోజున స్టాఫ్ అంతా సంతకాలు పెట్టి ఇచ్చింది, ముందు పేజీలో ఎవరు ఏ ఏడు ఏ పనిలో చేరి ఏ పనికి ఎదిగారో నేనే రాసుకున్నాను. ఇరవై ఆరు పేర్లు. వాడు వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. నీళ్లు, గదులు, టేబుల్, స్టోరు. ధోబీ, ఇస్త్రీ, లినెన్ ఇన్‌ఛార్జి. తోట, నర్సరీ, సూపర్‌వైజర్. ఊడ్చే పెద్దమనిషి పేరు దగ్గర ఆగాడు. ఎదురుగా 1962, పక్కన ఒక గీత, చివర 1995. నడుమ ఏమీ లేదు.

"ఈయనకేం రాయలేదేంది తాతా?"

చెప్పాను. మొత్తం చెప్పాను.

కాసేపు ఊరుకున్నాడు. తర్వాత జేబులోంచి పెన్సిల్, రబ్బరు తీశాడు. ఈత కొలను పక్కన ఫొటోలు దిగే అరుగును తుడిచేశాడు. అక్కడ నాలుగు గదులు గీశాడు. "ఎంత ఉండాలె?" అన్నాడు.

"పది బై పన్నెండు. కిటికీ రెండు దిక్కులా. గదికి బాత్‌రూము. ఆడపిల్లలుండే గదికి గొళ్లెం లోపలి నుంచి గట్టిగుండాలె."

రాసుకున్నాడు. మూలలో పెద్దగా ఇంకో గది గీసి, "జంటకు" అని రాశాడు. తాండా అమ్మాయి ఎప్పుడు ఖాళీగా ఉంటుందని అడిగాడు. సెలవు లేదు కదా, పని దిగి ఏడున్నరకు బస్సు దిగుతుంది, స్టేజీ దగ్గర నిలబడితే కలుస్తుందని చెప్పాను.